తెక్లా పొలంలోకి దిగిన ఏడు

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే తెక్లా నన్ను కత్తి అడిగింది.

పాలు పోస్తున్న మా అమ్మ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.  మా ఇద్దరి మొహాలూ చూసి తెక్లా నవ్వేసింది.

"ఏంటా చూపులు? ఆస్పరాగస్ కోసే కత్తి. నేనూ పొలానికొస్తానంటున్నాను, ఎవాల్డ్."

అప్పటికి మా పెళ్లయి పదేళ్లు. ఆ పదేళ్లలో ఆమె ఆ కూరకాడలు పండే మా ఇసుక నేలల అంచున నడిచింది గాని, ఒక్కనాడూ బోదెల మధ్యకి దిగలేదు. నేనూ రమ్మనలేదు. నా భార్య కవయిత్రి. రెండు పుస్తకాలు అచ్చయ్యాయి. యుద్ధం తర్వాత జర్మన్ భాషలో ఇలాంటి గొంతు వినలేదని పత్రికల్లో పెద్దవాళ్లు రాశారు. ఆ గొంతు ఏ ఇంట్లోంచి వస్తుందో, ఆ ఇంట్లోవాళ్లు ఎలా నిద్రపోతారో వాళ్లకి తెలిసే వీల్లేదు.

కవిత్వం వచ్చినప్పుడు తెక్లాకి తిండీ నిద్రా ఉండేవి కావు. కళ్లు మెరిసేవి. మాట మీద మాట తోసుకొచ్చేది. అంతకు ముందు శరదృతువులో కాగితాలు అయిపోతే బొగ్గు తీసుకుని మా పిల్ల గది గోడల నిండా రాసింది. తర్వాత పిల్లని బడి నుంచి మధ్యలోనే తీసుకెళ్లిపోయి, పిట్టలు ఏం మాట్లాడుకుంటాయో వినిపిస్తానని రైలుకట్ట మీద వానలో నిలబెట్టింది. గేటు దగ్గర ఉండే మనిషి చూసి ఇద్దరినీ ఇంటికి చేర్చాడు. ఆ వారంలోనే తెక్లా కుప్పకూలింది. గోడవైపు తిరిగి పడుకున్న మనిషి మళ్లీ ఇటు తిరగలేదు. చలికాలమంతా హైడెల్‌బర్గ్‌లో, ఆస్పత్రిలో గడిచింది.

అక్కడ కొత్త మందు మొదలుపెట్టారు. లిథియం అంటారని, అది ఒకరకం ఉప్పేనని డాక్టరు నాతో చెప్పాడు. ఆ మాట ఇంటికొచ్చి చెబితే మా అమ్మ వాల్బుర్గా చేతులు నడుముకి ఆనించుకుంది.

"ఉప్పా! ఈ పిల్లకి ఇన్నాళ్లూ తక్కువైంది ఉప్పా? ఆ ముక్క పదేళ్ల కిందటే చెబితే నా సూప్‌లో ఇంకో చిటికెడు వేసేదాన్ని కదరా!"

తెక్లా కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వింది. ఆ నవ్వు చూసి అమ్మ కూడా నవ్వింది. అత్తాకోడళ్లు కలిసి నవ్వగా నేను వినడం అదే మొదలు.

బెర్బెల్ మాత్రం నవ్వలేదు. మా అమ్మాయికి ఏడేళ్లు. నాయనమ్మ ఆప్రాన్ అంచు పట్టుకుని, పొయ్యి పక్క బల్ల చాటు నుంచి వాళ్లమ్మని చూస్తోంది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, మొహం కొంచెం ఉబ్బి, కొత్త మనిషిలా ఉంది తెక్లా. పిల్ల దగ్గరికి పోలేదు. ఉన్నచోటే కింద కూర్చుంది.

"రానక్కర్లేదమ్మా. అక్కణ్నుంచే చూడు. నువ్వు పిలిచేదాకా నేనూ రాను."

బెర్బెల్ పిలవలేదు. అయినా మర్నాడు తెక్లా కత్తి పట్టుకుని పొలానికి బయలుదేరితే, వెనకాల దూరంగా నడుచుకుంటూ వచ్చింది.

*

ఆస్పరాగస్ కాడ వెలుతురు చూస్తే రంగు మారిపోతుంది. తెల్లగా ఉండాలంటే అది ఇంకా ఇసుకలో ఉండగానే పట్టుకోవాలి. ఎత్తుగా పోసిన ఇసుక బోదె మీద సన్నగా ఒక పగులు కనిపిస్తుంది. ఆ పగులు దగ్గర రెండు వేళ్లతో ఇసుక తవ్వి, కాడ పక్కనే కత్తి దించి, అడుగున ఒక్క పోటు. కాడ తీశాక గుంట పూడ్చి, రేకుతో ఇసుక నున్నగా అదమాలి.

తెక్లాకి ఏదీ చేతకాలేదు. మందు వల్ల ఆమె చేతులు సన్నగా వణికేవి. కత్తి కాడ నడిమిలో పడేది. కోసినవాటిలో సగం విరిగినవే. ఊళ్లో నుంచి కూలికొచ్చే హెర్టా నోరు ఊరుకునేది కాదు.

"ఏమ్మా, ఇవాళ ఎన్ని కాడలు కోశావు, ఎన్ని పాదాలు కట్టావు?"

"రెండూ వంకరే వస్తున్నాయి హెర్టా. ఏది బజారుకి పంపాలో నువ్వే చెప్పు."

ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. ఆ రోజు నుంచి వాళ్లు ఆమెని చూసి గొంతు తగ్గించడం మానేశారు.

పగుళ్లు తెక్లా కంటికి ఆనేవి కావు. ఎండలో మెరిసే ఇసుకని చూసి చూసి కళ్లు చిట్లించుకునేది. మూడో రోజో నాలుగో రోజో, ఆమె ఒక బోదె మొత్తం దాటి వెళ్లిపోతుంటే వెనక నుంచి చిన్న గొంతు వినిపించింది.

"అమ్మా, వదిలేశావు."

తెక్లా తిరగలేదు. ఆమె వీపు బిగుసుకోవడం నేను నా వరుసలోంచి చూశాను.

"ఎక్కడే?"

"అదిగో. నీ కాలి పక్కన. అది కూడా కనబడట్లేదా?"

"కనబడట్లేదు. నువ్వొచ్చి చూపించు."

బెర్బెల్ వచ్చింది. వాళ్లమ్మ పక్కన గొంతుక్కూర్చుని, వేలితో ఆ సన్నని పగులు మీద గీసింది. తెక్లా ఆ వేలినే చూస్తూ ఉండిపోయింది.

"తవ్వు మరి," అంది పిల్ల పెత్తనంగా. "మెల్లగా. తల విరిగిపోతుంది."

ఆ తర్వాత ఇద్దరిదీ ఒకే వరుస. పిల్ల చూపించేది, తల్లి కోసేది. బడి లేని రోజుల్లో పొలమంతా బెర్బెల్ అరుపులే. "అమ్మా ఇక్కడ! అమ్మా, గుడ్డిదానా, ఇక్కడ!" ఆ "గుడ్డిదానా" అనే మాటకి మా అమ్మ కోప్పడబోతే తెక్లా అడ్డం పడింది. "అననివ్వండి అత్తయ్యా. నాకు వచ్చిన బిరుదుల్లో ఇదే బాగుంది."

ఏప్రిల్ పోయి మే వచ్చింది. తెక్లా నీళ్ల సీసా వెంట పెట్టుకుని తిరిగేది. మందు వల్ల ఎంత తాగినా దాహమే. రక్తపరీక్షకి నేను హైడెల్‌బర్గ్ తీసుకెళ్లేవాణ్ని. తిరిగొచ్చేటప్పుడు దార్లో ఐస్‌క్రీమ్ తినేవాళ్లం, పెళ్లికి ముందు తిన్నట్టు. ఇంట్లో ఆమె మా అమ్మ పక్కన కూర్చుని బంగాళాదుంపలు ఒలిచేది. కాల్చిన అప్పాలు గుండ్రంగా రాకపోతే తనని తనే వెక్కిరించుకునేది. తెల్లారి లేచి చూస్తే నా పక్కన, నోరు కొంచెం తెరుచుకుని, మామూలు మనిషిలా నిద్రపోతూ ఉండేది. అలా చూస్తూ పడుకోవడం నాకెంత ఇష్టంగా ఉండేదో చెప్పలేను. పొలానికి ఆలస్యమయ్యేది. అయితే అవనీ అనుకునేవాణ్ని.

ఇదీ మా సంసారం, ఇప్పుడు మొదలైంది, ఇక ఇలాగే ఉంటుంది అనుకున్నాను.

*

మధ్యాహ్నాలు ఆమె పెరట్లో వాల్‌నట్ చెట్టు కింద బల్ల దగ్గర కాగితాలు పెట్టుకుని కూర్చునేది. ముందటిలా కాదు. పిల్ల వచ్చి భుజాల మీద ఎక్కినా కసిరేది కాదు. కాఫీ తెచ్చిస్తే తాగేది. ఒకరోజు కాఫీ పెడుతూ అడిగాను.

"వస్తున్నాయా?"

"వస్తున్నాయి." కలం మూత పెట్టింది. "ఎలా వస్తున్నాయో తెలుసా? ఇదివరకు మాటలు నా జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోయేవి. ఇప్పుడు ఒక్కొక్క దాని ఇంటికీ నేనే వెళ్లి పిలవాలి. పిలిస్తే వస్తాయి పాపం. గుమ్మం దగ్గర చెప్పులు తుడుచుకుని, చేతులు కట్టుకుని వరుసగా కూర్చుంటాయి."

"మంచిదేగా?"

ఆమె నా వైపు చాలాసేపు చూసింది. కోపంగా కాదు.

"నీకు మంచిదే, ఎవాల్డ్."

ఆ మాట నా మనసులో గుచ్చుకుంది. అయినా అవతల బండిలో బుట్టలు ఎక్కించాల్సి ఉండి వెళ్లిపోయాను.

జూన్ మొదట్లో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లెసెనిష్ వచ్చింది. తెక్లా పుస్తకాలు వేసే ప్రచురణాలయంలో ఆవిడే ఆ పని చూసేది. ఏటా ఆస్పరాగస్ రోజుల్లో తన చిన్న కారేసుకుని వచ్చేది. "నువ్వు పద్యాల కోసం వస్తావో, మా కాడల కోసం వస్తావో తేల్చుకోలేకపోతున్నా," అని మా అమ్మ ఆటపట్టించేది. "పద్యాలకి ప్రచురణాలయం నన్ను పంపుతుంది వాల్బుర్గా గారూ. కాడలకి నేనే వస్తాను," అనేదావిడ. బొంగురు గొంతు, వేళ్ల మధ్య ఎప్పుడూ సిగరెట్టు. తెక్లాకి మొదటి పుస్తకం నాటి నుంచి స్నేహితురాలు. ఆస్పత్రికి నాకంటే ఎక్కువసార్లు వెళ్లి చూసింది.

చెట్టు కిందే భోజనం పెట్టాం. ఉడికించిన కాడలు, కరిగించిన వెన్న, బంగాళాదుంపలు, పల్చగా తరిగిన పంది తొడమాంసం. లెసెనిష్ తినకముందే కాగితాలు అడిగింది. తెక్లా ఇచ్చి, పిల్లకి మాంసం ముక్కలు చేసిపెడుతూ కూర్చుంది. పెద్దకట్ట కాదు, పల్చటి కాగితాలు కొన్ని. ఆవిడ చదివింది. వెలిగించిన సిగరెట్టు పళ్లెం అంచున అలాగే కాలిపోయింది. చివరికి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"తెక్లా, నువ్వు ఇన్నేళ్లూ రాసినవన్నీ వీటి కోసం చేసిన సాధన."

"ఆ మాటలు వద్దు."

"నేను నీకు అబద్ధం చెప్పానా ఎప్పుడైనా?"

"ఇప్పుడు చెప్తున్నావు. రోగం నుంచి లేచినదాన్ని కదా, నన్ను బుజ్జగించమని ఈ ఎవాల్డ్ నీకు ఫోన్ చేసి ఉంటాడు."

నేను చెయ్యలేదని చెప్పాను. ఆమె నమ్మలేదు. ఇంతలో మా అమ్మ చేతులు తుడుచుకుంటూ, "అందులో నా మీద కూడా ఒకటుందట గదా? బెర్బెల్ చెప్పింది. చదవవమ్మా, వింటాను," అంది లెసెనిష్‌తో. ఆవిడ తెక్లా వైపు చూసింది. తెక్లా వద్దనలేదు. ఆ బొంగురు గొంతుతో ఆవిడ మెల్లగా చదివింది.

*అత్తగారు బంగాళాదుంప ఒలుస్తుంది,*
*తొక్క తెగకుండా, ఒకటే చుట్టగా.*
*ఇన్నేళ్ల నా మాటల్లో*
*తెగనిది ఒక్కటీ లేదు.*

 అమ్మ ఆప్రాన్‌తో ముక్కు తుడుచుకుంది.

"ఇది నేనే," అంది. "పదేళ్లుగా నీ పుస్తకాలు చేత్తో పట్టుకుంటున్నాను తెక్లా. ముందు పేజీ చదవడం, దణ్ణం పెట్టి అలమరలో పెట్టడం. ఇవాళ అర్థమైంది."

తెక్లా మొహంలో రంగు పోయింది. లెసెనిష్ వైపు తిరిగింది.

"విన్నావుగా? మా అత్తగారికి అర్థమైంది. ఇంకా సాక్ష్యం కావాలా నీకు?"

 బెర్బెల్ ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూసింది. మా అమ్మ లేచి, తిననివాళ్ల పళ్లేలు కూడా తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

క్షణం ఆగి తెక్లా ఆమె వెనకే పరిగెత్తింది. కిటికీ తెరిచే ఉంది. మాటలన్నీ వినబడ్డాయి.

"అత్తయ్యా, నేను మిమ్మల్ని అనలేదు. నన్నే అనుకున్నాను."

"జబ్బులో ఉన్నప్పుడు ఇంతకన్నా పెద్ద మాటలన్నావు," అంది అమ్మ గొంతు. "ఒక్కటీ మనసులో పెట్టుకోలేదు. జబ్బు అంటోంది, నువ్వు కాదు అనుకున్నాను. ఇవాళ నువ్వు బాగుండి అన్నావు. అందుకే తగిలింది."

తర్వాత చాలాసేపు కుళాయి చప్పుడు. బయటికొచ్చిన తెక్లా కాగితాలు తీసి లెసెనిష్ చేతిలో పెట్టింది.

"నీకంత నచ్చితే పట్టుకుపో. వేసుకో. నా పేరు మాత్రం వెయ్యకు. ఇవి నేను రాసినవి కావు."

"మరెవరు రాశారు?"

"ఈ ఇంట్లో ఉంటుందే, ఉప్పు మింగి బుద్ధిగా ఎనిమిది గంటలు నిద్రపోతుందే, ఆవిడ రాసింది. మంచిది. నాకు పెద్దగా పరిచయం లేదు."

లెసెనిష్ కారెక్కే ముందు నన్ను పక్కకి పిలిచింది. "ఎవాల్డ్, ఈమె తనని తాను తగలబెట్టుకుంటేనే వెలుతురొస్తుందనుకుంటోంది. మేం కూడా అలాగే పొగిడాం. ఆ వెలుతురు చూసి చప్పట్లు కొట్టాం. ఇప్పుడు మా మాట ఏం చెవికెక్కుతుంది?" ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. "కనిపెట్టుకుని ఉండండి."

*

కనిపెట్టుకునే ఉన్నాను. అయినా నాకు తెలిసింది మామూలుగానే, పనిలో ఉండగా.

పొద్దున్న ఎండ ఇంకా ఎక్కలేదు. బెర్బెల్ బడికెళ్లిపోయింది. తెక్లా నా పక్క వరుసలో కోస్తోంది. ఒక కాడ తీసింది. నిటారుగా, నున్నగా, అడుగున అద్దంలా తెగింది. బుట్టలో పెట్టి ఇంకోటి తీసింది. అదీ అంతే. నేను ఆమె బుట్టలోకి చూశాను. విరిగింది ఒక్కటి లేదు. నీళ్ల సీసా కోసం వెతికాను. తేలేదు.

"చేతులు వణకడం లేదు," అన్నాను.

"లేదు," అంది తెక్లా.

కాసేపు ఇద్దరం కోశాం. 

"ఎప్పట్నుంచి?"

"లెసెనిష్ వెళ్లినప్పట్నుంచి."

"మళ్లీ మొదలుపెట్టు తెక్లా. ఇవాళే. ఇంకా ఏం మించిపోలేదు."

ఆమె బోదె మీద గొంతుక్కూర్చుంది. మోకాళ్ల మీద చేతులు చాపి, వాటినే చూసుకుంది.

"నీకు పెళ్లాం దొరికింది. బెర్బెల్‌కి అమ్మ దొరికింది. అత్తయ్యకి కోడలు దొరికింది. నేను కాదనట్లేదు, మీరు సంతోషంగా ఉన్నారు. నాకూ సంతోషంగానే ఉంది. అదే భయం. ఈ సంతోషంలో కూర్చున్నది నేను కాదు. నేను ఎక్కడో తలుపు అవతల ఉండి, లోపల ఎవరో నా గౌను వేసుకుని తిరుగుతుంటే చూస్తున్నాను."

"ఆ పద్యాలు నీవే. ఆవిడ అంత బాగున్నాయంటే..."

"బాగున్నాయి, నాకూ తెలుసు. బాగుంటే సరిపోతుందా? వాటిని రాస్తుంటే నాకేం కాలేదు. రాసి లేచి, అప్పం తిరగేశాను."

 అప్పం తిరగేస్తూ రాసినవి బాగుండకూడదని ఎవరు చెప్పారని అడగాల్సింది. ఆ మాట నాకు కొన్నేళ్ల తర్వాత తట్టింది. అప్పుడు మాత్రం, "పిల్ల సంగతి ఆలోచించు," అన్నాను. అందరూ అనేదే.

"ఆలోచించే ఇన్నాళ్లు మింగాను," అంది ఆమె.

అదే రోజు హైడెల్‌బర్గ్ డాక్టరుకి ఫోన్ చేశాను. ఒప్పించి తీసుకురమ్మన్నాడు. ఒప్పుకోకపోతే బలవంతంగా చెయ్యడానికి, ఏదైనా ప్రమాదం జరిగితే తప్ప, దారి లేదన్నాడు. మా అమ్మ మాత్రలసీసా తెచ్చి నా ముందు పెట్టింది.

"పొడి చేసి సూప్‌లో కలిపెయ్‌రా. ఎవరికి తెలుస్తుంది? పిల్ల మొహం చూసైనా కలుపు."

ఒక మాత్ర చెంచా కింద పెట్టి నలిపాను కూడా. పొడి తెల్లగా ఉంది. కుండ మీద చెయ్యి చాపి ఆగిపోయాను. ఆ మనిషి నన్ను నమ్మి నా ఇంట్లో కూర్చుని తింటోంది. దొంగచాటుగా కలిపి నాకు కావలసిన మనిషిని తెచ్చుకుంటే, ఆ వచ్చినదానికి నేను ఏ మొహం పెట్టుకుని మొగుణ్నవుతాను? పొడి తొట్టిలో కడిగేశాను. అమ్మ ఆప్రాన్ అంచు నోటికి అడ్డం పెట్టుకుని అవతలికి వెళ్లిపోయింది. నేను చేసింది సరైందేనా అంటే ఇప్పటికీ నాకు తెలియదు. రెండు రకాలుగానూ నిద్ర పట్టేది కాదేమో.

తెక్లా వెలిగిపోవడం మొదలుపెట్టింది. ముందుగా నడక మారింది. పొలంలో అందరికన్నా ముందు ఉండేది. హెర్టా ఒక మాటంటే పది మాటలు తిప్పికొట్టేది. ఆడవాళ్లు మొదట నవ్వారు, తర్వాత నవ్వడం మాని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చెట్టు కింద బల్ల మీద కాగితాల కట్ట ఎత్తు పెరిగింది. రాస్తూ పైకి చదివేది, చదువుతూ ఏడ్చేది, ఏడుస్తూ నన్ను వచ్చి కౌగిలించుకునేది. "వచ్చింది ఎవాల్డ్, మళ్లీ వచ్చింది, నన్ను వదిలిపోలేదు!" ఆ కళ్లు ఎంత అందంగా ఉండేవని! నేను మనసిచ్చింది ఆ కళ్లకే. ఇప్పుడు అవే కళ్లు చూస్తే భయమేసేది.

బెర్బెల్ ఎవరికీ ఏం చెప్పలేదు. ఒకరోజు భోజనాల దగ్గర, వాళ్లమ్మ పక్కనున్న తన కుర్చీ ఈడ్చుకుంటూ వెళ్లి నాయనమ్మ పక్కన వేసుకుంది. అంతే. తెక్లా ఏదో చెప్తున్నది చెప్తున్నట్టే ఆగి ఆ కుర్చీని చూసింది. ఆ రోజు ఆమె తిండి ముట్టలేదు.

*

జూన్ చివర్లో వచ్చే యోహాను పండగతో మా దగ్గర కోతలు ఆపేస్తాం. ఆ తర్వాత కూడా కోస్తూ పోతే మొక్క చచ్చిపోతుంది. మిగిలినవాటిని పెరగనిచ్చి, ఈకల్లాంటి ఆకు వెయ్యనివ్వాలి. ఆ పొద్దున చివరి కోతలయ్యాయి. ఆడవాళ్లకి వైన్ పోశాం. హెర్టా తెక్లా బుగ్గలు రెండూ పట్టుకుని ముద్దు పెట్టి, "వచ్చే ఏడాది నిన్నే మేస్త్రీని చేస్తాం," అంది.

అందరూ వెళ్లాక తెక్లా చిన్న పెట్టెతో కిందికొచ్చింది.

"స్టేషన్ దాకా దింపు ఎవాల్డ్. ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్తాను. లెసెనిష్ వాళ్ల మేడ మీద గది ఖాళీగా ఉంది."

"ఎందుకు?"

"నువ్వు చూశావుగా, ఆ కుర్చీ." ఆమె గొంతు చాలా రోజుల తర్వాత నెమ్మదిగా ఉంది. "నాకు ఇంకా బుద్ధి పనిచేస్తోంది. ఇంకో వారం ఆగితే చెయ్యదు. అప్పుడు దాన్ని మళ్లీ ఏ రైలుకట్ట మీదికి తీసుకెళ్తానో నాకే తెలియదు. ఈసారి గేటుమనిషి చూడకపోతే?"

"మాత్రలు వేసుకుంటే పోయేదానికి..."

"వేసుకుంటే నేనుండను, వేసుకోకుండా ఇక్కడుంటే బెర్బెల్‌కి ముప్పు. రెండూ వద్దు గనకే వెళ్తున్నాను."

బెర్బెల్ పెరట్లో కుందేళ్లకి గడ్డి వేస్తోంది. తెక్లా గుమ్మంలో నిలబడి చూసింది. పిలవలేదు. మా అమ్మ ముందుకు వచ్చి, ఆమె కోటు గుండీలు పెట్టింది, చిన్నపిల్లకి పెట్టినట్టు. 

స్టేషన్లో రైలు ఆలస్యం. బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. ఆమె కాలు ఆపకుండా ఊపుతోంది. పెదాలు కదుపుతోంది, ఏదో పంక్తి కట్టుకుంటోందని తెలుసు.

"మాత్రలు పెట్టెలో పెట్టాను," అన్నాను.

"చూశాను. మేజోళ్లలో చుట్టావు." నవ్వింది. నా చెయ్యి తీసుకుని, నా గోళ్లలో ఇసుక తన గోటితో తీస్తూ కూర్చుంది, రైలొచ్చేదాకా.

*

వేసవంతా ఆమె రాసింది. లెసెనిష్ ఫోన్‌లో చెప్పేది. ముందు సంతోషంగా, తర్వాత జంకుతూ. "కాగితాలు నేల మీద నడవడానికి దారి లేకుండా ఉన్నాయి ఎవాల్డ్. చదివితే ఒక పంక్తికీ ఇంకో పంక్తికీ..." అని ఆగిపోయేది. సెప్టెంబర్ చివర్లో తెక్లా మళ్లీ కుప్పకూలింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆస్పత్రికి చేర్చారు. మందులు పెట్టారు. ఈసారి మనిషి తేరుకోవడానికి చాలా ఆలస్యమవుతోందన్నారు.

అక్టోబర్‌లో వెళ్లాను. కిటికీ పక్క కుర్చీలో ఉంది. నన్ను గుర్తుపట్టి చెయ్యి చాపింది. ఆ చెయ్యి మళ్లీ సన్నగా వణుకుతోంది. దాన్ని రెండు చేతుల్లో పట్టుకున్నాను.

"ఇన్నాళ్లు రాసినవి చూశాను ఎవాల్డ్. లెసెనిష్‌ని తెమ్మన్నాను," అంది. "ఏమీ లేదు అందులో. వట్టి అరుపులు."

"తర్వాత చూద్దాంలే."

"అదీ నేను కాదు, ఇదీ నేను కాదు. మరి నేనెక్కడున్నాను?"

ఇంటికి రమ్మన్నాను. డిసెంబర్ కల్లా తీసుకెళ్తానన్నాను. తల ఊపింది. తర్వాత అడిగింది.

"బెర్బెల్ నన్ను అడుగుతోందా?"

"రోజూ," అన్నాను.

బెర్బెల్ అడగడం మానేసి అప్పటికే చాలా రోజులైంది. తెక్లా నా మొహంలోకి చూసింది. అబద్ధమని ఆమెకి తెలిసిందో లేదో నేను చెప్పలేను. "మంచి పిల్ల," అని మాత్రం అంది.

నవంబర్‌లో, పొలం మీద ఎండిన ఆకు కోసి తగలబెడుతుండగా, ఇంట్లోంచి అమ్మ పిలిచింది. ఫోన్‌లో లెసెనిష్. ఆవిడ నా పేరు పిలిచిన తీరులోనే నాకు తెలిసిపోయింది. తెక్లా పోయింది. తనంతట తానే పోయింది. మిగతాది ఎవరికీ అక్కర్లేదు.

ఆ వసంతంలో రాసిన పద్యాలు మరుసటి ఏడు పుస్తకంగా వచ్చాయి. పేరు వెయ్యొద్దన్న మాట లెసెనిష్ నాతో చెప్పి, ఏం చెయ్యమంటారని అడిగింది. వెయ్యమన్నాను. వేసవిలో రాసిన కట్టలోంచి ఒక్క పంక్తి కూడా పనికి రాలేదు. ఇప్పుడు బడి పుస్తకాల్లో పిల్లలు చదివేది మా అమ్మ బంగాళాదుంప పద్యమే.

కానీ అదంతా తర్వాతి మాట. ఆ రోజు నేను ఫోన్ పెట్టేసి, చేతులకి అంటిన మసి కడుక్కుని, బెర్బెల్ బడి నుంచి వచ్చేదాకా గుమ్మం దగ్గర కూర్చున్నాను. సంచీ ఊపుకుంటూ వచ్చింది. నన్ను చూసి ఆగింది. దగ్గరికి తీసుకుని, కోటు గుండీలు విప్పుతూ, ఎలా చెప్పాలో తెలియక ఉన్నమాటే చెప్పాను.

"అమ్మ చచ్చిపోయిందమ్మా."

బెర్బెల్ ఏడవలేదు. కనుబొమలు ముడిచి, లెక్క అర్థం కానప్పుడు చూసినట్టు నా కళ్లలోకి చూసింది.

"ఏ అమ్మ నాన్నా?"

నేను ఆ పిల్లని గుండెకి అదుముకున్నాను, నా మొహం కనబడకుండా.

"ఇద్దరూనమ్మా," అన్నాను.